కొడవలి తొమ్మిది

అనకాపల్లి,
మంగళవారం

మా కనకక్కకి,

ఫోను చేస్తే పోయేదానికి ఉత్తరం ఎందుకని నవ్వుకుంటావు. మంచం మీదున్న బావకి వినబడాలని నువ్వు ఫోను ఎప్పుడూ స్పీకరులో పెడతావు కదా, అందుకని. ఇది నువ్వు ఒక్కదానివే చదవాలి. చదివాక ఆయనకి చెప్పడమా మానడమా నీ ఇష్టం.

అడ్డరోడ్డు దగ్గర బావ మోటారు సైకిల్ని గుద్దేసి పోయిన పసుపు కారుకి నంబరు అంటించింది నేనే.

ఆ ముందురోజు పదకొండు గంటలప్పుడు వచ్చిందది మా రేడియం షాపుకి. అలాంటి కారు మన ఊళ్ళో ఎప్పుడు చూశాం? పక్క టీ బడ్డీలో వాళ్ళందరూ గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. నేలకి జానెడు ఎత్తు లేదు. తోలుతున్న అబ్బాయికి పాతికేళ్ళుంటాయి, విశాఖపట్నం నుంచి రాజమండ్రిలో ఏదో కార్ల షోకి పోతున్నాడట. షోరూం వాళ్ళిచ్చిన హై సెక్యూరిటీ ప్లేట్లు రెండూ సీటు వెనక పడున్నాయి. అవి బిగిస్తే బంపరుకి కన్నాలు పడి అందం పోతుంది, ముందూ వెనకా స్టిక్కరు నంబరు వేసిపెట్టమన్నాడు. స్టిక్కరు చెల్లదు బాబూ, రేకు ప్లేటే ఉండాలి, అదీ తియ్యడానికి రాని లాకుతో బిగించాలి అని చెప్పాను. చెబుతూనే కంప్యూటరు ఆన్ చేశాను. అంత కారు మీద నా చేతిపని కనబడుతుందన్న మోజు. పదేళ్ళుగా ఆటోల మీద అమ్మవారి పేర్లు, ట్రాక్టర్ల మీద పిల్లల పేర్లు కోసుకుంటూ బతుకుతున్నవాడిని.

అంతటితో ఆగితే తప్పు సగమే. పీకితే మరక మిగలకూడదన్నాడు. అలా రావాలంటే మామూలు రేడియం పనికిరాదు. పెళ్ళి కార్ల వెనక అద్దం మీద పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లు వేస్తామే, ఆ కాగితం వాడాలి. మర్నాడు గోటితో లాగితే ఊడొచ్చేస్తుంది. ఊడిపోయే నంబరు మనిషికి ఎందుకు కావాలో నాకు తెలియక కాదు. తెలిసే ఆ కాగితం చుట్ట తీశాను. అంచులు గట్టిగా రుద్దను కూడా లేదు.

మర్నాడు సాయంత్రం తిరిగొస్తూ బావని గుద్దాడు. అడ్డరోడ్డు దాటాక ఉన్న పెట్రోలు బంకు కెమెరాలో పసుపు కారు పడింది గాని దాని మీద నంబరు లేదని పోలీసులు చెప్పినప్పుడు నేను నీ పక్కనే ఉన్నాను. గుద్దిన తరవాత ఎక్కడో ఆపి పీకేశాడన్నమాట. నంబరు చూశావా అని బావని అడిగితే చూడలేదన్నాడు. నేను ఆస్పత్రి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు అక్కా. ఇంటికొచ్చి చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. ఏడుపు రాలేదు, భయం కూడా రాలేదు. ఇరవై రోజులుగా ఈ ఒళ్ళు నాది కానట్టే ఉంది.

బావ తాగి తనే పడ్డాడని మీ ఊళ్ళో అనుకుంటున్నారని, స్కూలు వాళ్ళు వేనుకి వేరే డ్రైవరుని పెట్టుకున్నారని మొన్న నువ్వు చెప్పావు. కల్లు వాసన కూడా పడని మనిషి. ఆయన వేను పక్కల మీద నంబరు వెయ్యడమే స్టిక్కర్లు కోసే నా మిషను మీద మొదటి పని. అందులో తొమ్మిది చూసి, "ఇది తొమ్మిది కాదురా, వరి కోసే కొడవలి," అన్నాడు. నా చేతిరాతలోంచి కంప్యూటర్లోకి ఎక్కించిన ఆ వంపు నేను మార్చలేదు, ఎవరికి కోసినా అదే.

ఆ కారు నంబరు కంప్యూటర్లో ఇంకా ఉంది. చెరిపేద్దామని మూడుసార్లు కూర్చున్నాను. పోలీసులకిస్తే బావ పేరు నిలబడుతుంది. నా మీద కేసు, షాపుకి తాళం. ఏం చెయ్యమంటావో చెప్పు.

నీ తమ్ముడు,
నానాజీ


ఎస్. రాయవరం,
శుక్రవారం

నానాజీకి,

నీ ఉత్తరం పెరట్లో చదివాను. లోపలికి వెళ్ళేసరికి మీ బావ నా మొహం చూసి ఎవరు రాశారని అడిగాడు. ఇరవై ఏళ్ళలో ఆయన దగ్గర నేను దాచిందేమీ లేదు. చదివి వినిపించాను. తిడతాడనుకున్నాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"నాకు తెలుసే. మీదికొచ్చినప్పుడే సూసేను. రెండు తొమ్మిదులు, రెండూ మనోడి కొడవళ్ళే," అన్నాడు. "నంబరు సెప్తే ముందు ఆడి సాపుకే తాళం ఏత్తారు."

నాకు ముందు ఆయన మీదే కోపం వచ్చింది. ఊరంతా తాగుబోతు అంటుంటే, కాలికి రాడ్లు వేయించుకుని ఇరవై మూడు రోజులు నోరు కుట్టుకుని పడుకున్నాడు. పలకరించడానికి వచ్చినవాళ్ళు మొహం దగ్గరికి వంగి వాసన చూసినా ఊరుకున్నాడు. నాకైనా చెప్పలేదు. తరవాత నీ మీద వచ్చింది. పిల్లల వేను నడిపే మనిషికి పేరు పోతే ఏ తల్లి తన బిడ్డని ఎక్కిస్తుందిరా?

ఉత్తరం పొయ్యిలో పెట్టెయ్యమన్నాడు. పెట్టలేదు, బియ్యం డబ్బాలో ఉంది. ఆదివారం దాకా చూస్తాను. నీ అంతట నువ్వు వెళ్తే సరే. వెళ్ళకపోతే సోమవారం పొద్దున్న ఈ ఉత్తరం పట్టుకుని నేనే స్టేషనుకి వెళ్తాను. ఆ తరవాత ఏడుస్తాను, అది నా ఏడుపు.

బుల్లమ్మ పిన్ని రేపు పొద్దున్నే అనకాపల్లి వస్తోంది, ఆమె చేత పంపుతున్నాను. అన్నం మానకు.

అక్క,
కనకమహాలక్ష్మి


అనకాపల్లి,
శనివారం

బావా,

ఈసారి నీకే రాస్తున్నాను. అక్క చదివి వినిపిస్తుంది.

పిన్ని ఉత్తరం ఇచ్చి వెళ్ళగానే బస్సెక్కి మీ స్టేషనుకి వెళ్ళాను. కంప్యూటరు డబ్బా సంచిలో వేసుకుని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. మీ వీధి మీదుగానే నడిచాను. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. అంటించింది నేనేనని, ఊడొచ్చే కాగితం తెలిసే వాడానని చెప్పాను. డబ్బా వాళ్ళే ఉంచుకున్నారు. కేసు నా మీద కూడా ఉంటుందట. తిరిగొచ్చి షట్టరు దించేశాను.

నంబరు బట్టి కారు ఎవరిదో తెలిసింది. అయితే నేను అంటించానంటే చాలదట, నిన్ను గుద్దిన కారు మీద ఆ నంబరే ఉందని చూసినవాళ్ళు చెప్పాలట. చూసినవాడివి నువ్వొక్కడివే. నా షాపు కోసం చూడలేదన్నావు. ఇప్పుడు షాపు మూతబడింది. సోమవారం పోలీసులు మీ ఇంటికొస్తారు. చూసింది చూసినట్టు చెప్పు బావా.

ఇంకొక్క మాట. స్టేషనులో తెల్లకాగితం ఇచ్చి, ఆ నంబరు నా చేత్తో రాసి సంతకం పెట్టమన్నారు. తొమ్మిది దగ్గర చెయ్యి ఆగింది. బడిలో నేర్పినట్టు తిన్నగా రాద్దామనుకున్నాను. చెయ్యి వినలేదు, కొడవలే వచ్చింది. అది చూడగానే ఏడుపొచ్చింది బావా, ఇన్ని రోజులకి. కానిస్టేబులు మంచినీళ్ళు ఇచ్చి భయపడకు అన్నాడు. అది భయం కాదు. ఇంకో తొమ్మిది మిగిలింది. అది రాయడానికి చాలాసేపు పట్టింది.

నీ బామ్మర్ది,
నానాజీ