తాగేది కారు, నేను కాదు

షార్జా,
శనివారం.

అక్క హుస్సేనమ్మకు, బావకు, అమ్మకు మీ మస్తాన్ సలాము.

అల్లా చల్లగా చూడబట్టి ఇక్కడ నా ఒళ్ళూ మనసూ రెండూ బాగున్నాయి. అక్కడ అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? ఆత్మకూరు డాక్టరు ఇచ్చిన నూనె రుద్దుతున్నారా, లేక సీసా అలమరలోనే ఉందా? బావకు ఆటో బేరాలు దొరుకుతున్నాయా? ఫాతిమా ఏడవకుండా బడికి పోతోందా? కాశీం తాతకు కళ్ళు ఆనుతున్నాయా? అందరి సంగతులూ రాయి.

అక్కా, ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదివి మడిచి పెట్టొద్దు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదువు. మంట సంగతి వచ్చిన చోట దాటెయ్యొద్దు. చెయ్యి కొంచెం కాలింది గానీ మానిపోతోంది. ఈ ఉత్తరం ఆ చేత్తోనే రాస్తున్నాను. అందుకని ముందే చెబుతున్నాను, భయపడాల్సింది ఏమీ లేదు.

నెల రోజులుగా నేను ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ లైన్లోకి రాలేదు. "నిద్రపోతోందిరా" అని నువ్వు అంటావు. వెనక అమ్మ గిన్నెలు కడిగే చప్పుడు నాకు వినపడుతూనే ఉంటుంది. ఎందుకు రాలేదో నాకు తర్వాత తెలిసింది. సైదా బావే నాకు చెప్పాడు. మన బావ పిన్ని కొడుకు కాబట్టి, ఒకే గదిలో ఉంటాడు కాబట్టి, నా మంచికే ఊరికి ఫోన్ చేసి చెప్పాడట, మస్తాన్ తాగుడు మొదలుపెట్టాడు అని. మీరు అతన్ని ఏమీ అనొద్దు. అతని చోట నేనున్నా అట్లాగే అనుకునేవాణ్ణి.

ఏం జరిగిందో మొదటి నుంచి చెబుతాను. నేను పనిచేసే గ్యారేజీలో మామూలు కార్లు బాగుచేయరని నీకు తెలుసు గదా. ఇద్దరు అరబ్బు అన్నదమ్ములది అది. పెద్దాయన హమద్, మా అర్బాబ్, అంటే యజమాని. చిన్నవాడు ఖాలిద్, పందెం కారు నడిపేవాడు. ఇది ఊళ్ళో తిప్పే కారు కాదు. తిన్నగా ఉండే ఒక రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, దీపం పచ్చబడగానే దూకుతాయి, ఎవరు ముందు అవతలి గీత దాటితే వాళ్ళు గెలిచినట్టు. మనవాళ్ళు తుమ్మి ముక్కు తుడుచుకునేలోగా అయిపోతుంది.

ఇంజిన్ పక్కన టర్బో అని ఒకటి ఉంటుంది. పొగగొట్టంలోంచి పోయే వేడి గాలి దానిలో చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం బయటి గాలిని ఇంజిన్‌లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ. కానీ కుక్కిన గాలి వేడెక్కుతుంది. ఇక్కడి ఎండకు అసలే కాలుతుంటుంది గదా. ఆ వేడికి పెట్రోలు తన వంతు రాకముందే అంటుకుని లోపల సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. మొన్న చలికాలంలోనే రెండు ఇంజిన్లు అట్లా పాడైపోయాయి. పిస్టన్ బయటికి తీస్తే, నమిలిన బెల్లం ముక్కలాగా ఉంది. బావకు చెప్పు, ఆటో నడిపేవాడు, అర్థమవుతుంది.

అప్పుడు మా గ్యారేజీలో ఇంజిన్ లెక్కలు చూసే ఫిలిప్పీనో రొమెల్ అన్నాడు, ఇథనాల్‌కు మారదామని. ఇథనాల్ అంటే, అమ్మా, సారాయిలో ఉండే సరుకే. చెరుకు మడ్డి నుంచో మొక్కజొన్న నుంచో తీస్తారు. చేతి మీద ఒక చుక్క పోసుకుంటే చల్లగా ఆరిపోతుంది. ఇంజిన్ లోపల కూడా అది గాలిని అట్లాగే చల్లబరుస్తుంది. ఎంత గాలి కుక్కినా తొందరపడి అంటుకోదు. ఒకటే చిక్కు, పెట్రోలు కంటే చాలా ఎక్కువ కావాలి. పెద్ద పంపు, పెద్ద గొట్టాలు, పెద్ద ఇంజెక్టర్లు అన్నీ మార్చాము. జెబెల్ అలీ రేవు నుంచి సీలు వేసిన పీపాల్లో, ప్రభుత్వం కాగితాలతో వస్తుంది. ఎవరూ తాగకుండా దాంట్లో చేదు మందు కలుపుతారు. నాలుక మీద పడితే రోజంతా ఉమ్ముకోవాలి. మూత గట్టిగా పెట్టకపోతే గాలిలో తేమను పీల్చుకుంటుంది కూడా. ఇక్కడ సముద్రం గాలి కాబట్టి మూతలు చూసే పని నాకే అప్పజెప్పారు.

పీపాలోంచి కారులోకి పోసేది నేను, గొట్టాలు విప్పేది నేను. బట్టలు తడవకుండా ఎట్లా ఉంటాయి? అల్ నహ్దాలో మా గదిలో ఐదుగురం ఉంటాము. సైదా బావ లాండ్రీలో పని చేస్తాడు, బట్టల వాసన పట్టడమే అతని బతుకు. ఒక సాయంత్రం నా చొక్కా ఎత్తి వాసన చూసి నన్ను వంటింట్లోకి పిలిచాడు.

"ఏందిరా మస్తానూ ఇది? ఎప్పట్నించి మొదలుపెట్టినావు?"

"తాగేది కారు బావా, నేను కాదు" అన్నాను. నవ్వుతూ అన్నాను. అదే నేను చేసిన పొరపాటు.

"ఎగతాళా? మీ నాయన కూడా ఇట్టనే నవ్వేవాడు" అన్నాడు.

గదిలో మిగతావాళ్ళు మర్నాటి నుంచి నా కంచం కొంచెం ఎడంగా పెట్టడం మొదలుపెట్టారు. రెండు వారాలు అట్లాగే తిన్నాను. తర్వాత ఒక గురువారం సైదా బావతో అన్నాను, "రేపు నీకు సెలవే గదా. నాతో ఉమ్ అల్ కువైన్ వైపు పందెం ట్రాక్‌కు రా. నీ కళ్ళతో చూసి, ఆ తర్వాత ఏమన్నా అను." వచ్చాడు, మొహం ముడుచుకునే.

ఆ శుక్రవారం నమాజు అయ్యాక, మధ్యాహ్నం ఎండలో పరీక్ష పరుగులు పెట్టుకున్నాము. మామూలుగా ఇథనాల్‌లో కొంచెం పెట్రోలు కలుపుతాము. ఆ రోజు చూద్దామని దాన్ని బాగా తగ్గించాము. మొదటి పరుగు వెన్నలాగా పోయింది. రెండో పరుగు ముగించి ఖాలిద్ కారు మా దగ్గరికి తెచ్చి ఆపాడు. హెల్మెట్ తియ్యలేదు, బెల్టులు విప్పలేదు, బొటనవేలు ఎత్తి చూపించాడు. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు.

నాకు బానెట్ మీద గాలి వణుకుతున్నట్టు కనిపించింది. వేడి ఇంజిన్ మీద గాలి వణకడం మామూలే. కానీ బానెట్ మీద అంటించిన స్టిక్కరు అంచు చుట్టుకుపోతోంది. రొమెల్ మొదటి రోజే చెప్పాడు, పెట్రోలు తగ్గేకొద్దీ ఈ మంట పగటి వెలుతురులో సరిగ్గా కనపడదు, కళ్ళను నమ్మొద్దు అని. పొగ లేదు, ఎరుపు లేదు.

"ఆగ్! ఆగ్! బాహర్ ఆవో!" అని, మంట, బయటికి రమ్మని అరుస్తూ పరిగెత్తాను.

"కిధర్ ఆగ్? కుచ్ నహీ హై!" అని ఖాలిద్ లోపలి నుంచి నవ్వుతున్నాడు. తప్పేముంది, అతనికి మంట ఏమీ కనపడలేదు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి ముందు పంపు స్విచ్చి ఆర్పేశాను, తర్వాత బెల్టు తాళం నొక్కాను. అప్పటికి వేడి అతని మోకాళ్ళకు తగిలింది. నవ్వు ఆగిపోయింది. తలుపు తీసి చంకల కింద పట్టుకుని లాగాను. ఇద్దరం ఇసకలో పడ్డాము. లాగేటప్పుడే నా ముంజేయి బానెట్ అంచు మీద ఆనింది.

రొమెల్ తోలు చేతొడుగులతో బానెట్ ఎత్తాడు. లోపల ఒక రబ్బరు గొట్టం, పాత పెట్రోలు రోజుల నాటిది, ఇథనాల్‌కు ఉబ్బి చీలింది. ఇంజిన్ వెనక మూలన ఉన్నది, గ్యారేజీలో అందరం వెతికి మార్చినవాళ్ళమే, అదొక్కటి ఎవరి కంటా పడలేదు. ఎర్రగా కాలుతున్న టర్బో మీద చిమ్మి అంటుకుంది.

"నీళ్ళు బావా, క్యాన్లు!" అని అరిచాను.

సైదా బావ రెండు చేతుల్లో రెండు క్యాన్లు ఎత్తుకొచ్చాడు. "దేని మీద పొయ్యాలిరా? మంట యాడుంది?" అంటున్నాడు.

"ఇంజిన్ మీద. ఆపకుండా పొయ్యి!"

పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే పరుచుకుంటుంది. ఇది నీళ్ళలో కలిసిపోయే సరుకు, ఎన్ని నీళ్ళు పోస్తే అంత పలచబడి చచ్చిపోతుంది. బావ పోస్తూనే ఉన్నాడు. ట్రాక్ వాళ్ళు మంటలార్పే సిలిండర్లు తెచ్చేసరికి ఆవిరి తప్ప ఏమీ మిగల్లేదు. "ఖలాస్, ఖలాస్" అని రొమెల్ భుజం పట్టుకుంటే తప్ప బావ ఆగలేదు.

ఖాలిద్‌కు మోకాళ్ళ దగ్గర చర్మం కందింది, అంతే. హమద్ అర్బాబ్ తమ్ముణ్ణి పట్టుకుని అందరి ముందూ ఏడ్చాడు. అంత పెద్దమనిషి ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చి నా తలపాగా సరిచేసి, తన కారులోనే ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆసుపత్రి బెంచీ మీద సైదా బావ నా పక్కన కూర్చున్నాడు. అతని చొక్కా నిండా అదే వాసన. తనే పట్టి చూసుకుని, "ఇప్పుడు నన్నేమంటారో గదిలో" అన్నాడు. ఇద్దరం నవ్వలేక నవ్వాము. ఆ సాయంత్రం నుంచి నా కంచం అందరితో పాటే ఉంది.

మర్నాడు సైదా బావ మీకు ఫోన్ చేసి, "అత్తా, నేను చెప్పింది తప్పు" అన్నాడట గదా. అమ్మ అంతా విని ఒకటే అందట. "తాగలేదంటే నమ్ముతాను. అయినా ఆ వాసన పని మానుకోమను."

అమ్మా, దానికే ఈ ఉత్తరం.

నాయన్ను మింగింది ఈ సరుకేనని నాకు తెలుసు. మొదటి పీపా మూత తీసిన రోజు ఆ వాసనకు బయటికి పోయి నిలబడ్డాను. నాయన మంచం, నువ్వు గుమ్మంలో కూర్చోవడం, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. పని మానేద్దామా అని కూడా అనుకున్నాను. ఇప్పుడు ఆ వాసన వస్తే నాకు నాయన గుర్తుకు రావడం లేదు. ఏ గొట్టం బిగించాలి, ఏ మూత చూడాలి, అది గుర్తుకొస్తుంది. సైదా బావ తన చుట్టం టైర్ల షాపులో పని ఇప్పిస్తానన్నాడు. వద్దన్నాను. ఇక్కడ నేను చెయ్యగలిగిన పని ఇది, రోజూ ఏదో ఒకటి నేర్చుకుంటున్నాను. ఒక మనిషి ప్రాణం కూడా నిలబడింది నా వల్ల. దీన్ని వదిలి పోతే నా మీద నాకే మర్యాద ఉండదు.

అక్కా, ఒక చిన్న పని. నా ఐటిఐ సర్టిఫికెట్ జిరాక్సు తీయించి రిజిస్టరు పోస్టులో పంపు. అర్బాబ్ నా వీసాలో హెల్పర్ తీయించి మెకానిక్ అని వేయిస్తానన్నాడు. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే కందిపొడి కూడా కొంచెం పంపు. ఇక్కడ దొరికేది పిండిలాగా ఉంటుంది. ఎండలు ముదురుతున్నాయి గానీ గదిలో ఏసీ ఉంది, నా గురించి బెంగ వద్దు.

మంట అయిన రెండు వారాలకు, నిన్న, కారు మళ్ళీ ట్రాక్ మీదికి తెచ్చాము. గొట్టాలన్నీ కొత్తవి. రొమెల్ లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునే పక్క సీటు చూపించి ఖాలిద్ నాతో, "యల్లా మస్తాన్, ఆజ్ తుమ్" అన్నాడు, పద, ఈ రోజు నువ్వే అని. హెల్మెట్ పెట్టి బెల్టు తనే బిగించాడు. దీపం పచ్చబడింది. అక్కా, ఎవరో గుండె మీద కాలు పెట్టి సీటులోకి తొక్కినట్టు ఉంది. ఊపిరి తీసుకుందామనేలోగా అవతలి గీత వెనకబడిపోయింది. ఆగాక ఖాలిద్, "డర్ గయా?" అన్నాడు. భయపడలేదన్నాను. నిజంగానే లేదు. ఇంజిన్ లోపల ప్రతి బోల్టూ ఎవరు బిగించారో తెలిసినవాడికి భయమెందుకు?

కాశీం తాతకు, పక్కింటి పిన్నికి నా సలాములు. ఫాతిమాకు ముద్దులు. బావను ఆటో మెల్లగా నడపమను, ఈ మాట నేనంటే నవ్వుతాడు. పెద్దవాళ్ళందరి దువా నాకు కావాలి.

అమ్మా, వచ్చే శుక్రవారం ఫోన్ మోగితే అక్కను కాదు, నువ్వే ఎత్తు. పని మానుకోమని చెప్పాలంటే కూడా నీ నోటితోనే చెప్పు, వింటాను. మానను గానీ, వింటాను.

నీ కొడుకు,
నీ తమ్ముడు,
మస్తాన్ వలీ