కుంపటి గదికి కిటికీ

నెల్లిమర్ల, జనవరి 2014

పరంజ్యోతి అత్తకి అల్లుడు బెన్హర్ వందనాలు. ప్రభువు దయవల్ల బాగున్నాను.

ఫోన్లో సెప్తే నవ్వీసి పెట్టీస్తన్నారని కార్డు రాస్తన్నాను. ఈ సలికి మా తొట్లలో సేపపిల్లలకి తెల్లమచ్చల పురుగు పట్టింది. నీళ్లు మెల్లగా వేడి సేస్తే పురుగు తొరగా ఒళ్లొదిలి నీళ్లల్లో సస్తాది. అలాగే సేసేం. మచ్చలు తగ్గేయి గానీ పిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిసీసేయి. వేడి నీళ్లల్లో గాలి తక్కువుంటాదట. గాలి మోటారు పెట్టేక కుదుటపడ్డాయి.

మీ మోకాళ్లు ఎలాగున్నాయి? మా పాపకి పేరు మీరే పెట్టండి. మావకి వందనాలు.

బాలింత గదిలో కుంపటి వద్దనను. తలుపులూ కిటికీ బిగించీసి మాత్రం పెట్టకండి. సేపలైతే గాలి సాలదని పైకొచ్చి సూపించేయి. శాంతి పక్కలో పాప ఎక్కడికొస్తాది? కార్డు పట్టుకున్న సేత్తోనే ఆ కిటికీ తియ్యండి.