వదిన అడిగిన కాగితం

ప్రియమైన వదినకు,
నమస్కారాలు. అన్నయ్య అచ్చుమిషను మీరు నాకే అమ్ముతానన్నారు, సంతోషం. మీరు చెప్పిన ధరే ఖాయం. కానీ అమ్మకానికి కాగితం రాసుకుందాం అన్నారు చూడండి, అక్కడ మనసు చివుక్కుమంది. మీ చేతుల్లో పెరిగినవాణ్ణి. మన మధ్య కాగితాలేంటి? నామీద నమ్మకం లేకపోతే ఆ మాటే చెప్పండి.
మీ మరిది

బుజ్జి మరిదికి,
ఆశీస్సులు. ఉడుక్కోకు. స్టాంపులూ రిజిస్ట్రేషన్లూ అడగలేదుగా, ఒక్క తెల్లకాగితం చాలు. అమ్మేది నేను, కొనేది నువ్వు. కాలితో తొక్కే మిషను ఒకటి, అక్షరాల పెట్టెలు పదకొండు. ధర, తీసుకెళ్లే తేదీ. ఇష్టపూర్వకంగా అమ్మానన్న ముక్క. రెండు ప్రతులు.
మీ అన్నయ్య పోయాక షాపులో చప్పుడే లేదు. మొన్న ఊరికే కూర్చుని కాగితం పెట్టకుండా మిషను తొక్కాను. ఆ టకటక వింటుంటే నలుగురిలో ఉన్నట్టనిపించింది. ఎదురు షాపు దర్జీ తొంగిచూసి, "ఏం అచ్చేస్తున్నారండీ?" అన్నాడు.
మీ వదిన

వదినకు,
రెండు ప్రతులూ అందాయి. సంతకం చేసి ఒకటి తిప్పి పంపుతున్నాను. మిషను నిన్న దించుకున్నాం. మీ తరఫు సాక్షిగా ఎవరో డాక్టరు సంతకం ఉంది. నేను ఎగవేస్తానని పెద్దమనుషుల్ని కూడా పెట్టుకున్నారన్నమాట. ఇక నా నుంచి ఉత్తరాలు రాకపోతే తప్పుపట్టకండి.
ఇట్లు, కొన్నవాడు

బుజ్జీ,
రెండు నెలలు చూశాను. రాయవని అర్థమైంది. చెప్పకూడదనుకున్నాను గానీ, ఇక చెప్పే రోజులు కూడా ఎన్నో లేవు.
ఆ డాక్టరు నాకు వైద్యం చేస్తున్నాయన. మతిమరుపు జబ్బట, ముదిరేదేగానీ తగ్గేది కాదట. పోయిన వారం మన వీధిలోనే దారి తెలియక నిలబడిపోతే దర్జీ చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. సంతకం పెట్టిన రోజు నాకు బుద్ధి స్థిమితంగా ఉందని చెప్పడానికే డాక్టరుగారు సాక్షి.
రేపెప్పుడో నీ గుమ్మంలో నిలబడి, "మా ఆయన మిషను ఎత్తుకొచ్చావు, దొంగా!" అని నేనే అరుస్తానేమో. జనం నా మాటే నమ్ముతారు. అప్పుడు నాతో వాదించకు. లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ఆ కాగితం నాకు మెల్లగా చదివి వినిపించు. నువ్వు దొంగవి కావని నాకు తెలిసి ఉన్న రోజునే రాసిచ్చాను.
ఇప్పటికైతే,
నీ వదిన