ధరూర్ పిల్లగాడికి

గోపాల్‌పేట,
15 అక్టోబర్ 2025.

చిరంజీవి క్రాంతి కుమార్‌కు,

సరిత వాళ్ల అమ్మ వసంత మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. నీ కాలు ఎట్లా ఉంది? కట్టు విప్పారా? ఇక్కడ మేమిద్దరం వేళకు తింటున్నాం, పనికి పోతున్నాం. క్షేమమంటే ఇప్పటికి అంతే అనుకో.

నిన్న మీ నాన్న వెంకట్రాములు గారు ఫోన్ చేశారు. "మావోడు పరేషాన్ల ఉన్నడమ్మా. విమానం మాటెత్తితే లేచి పోతుండు. నడిపింది నేనే, అక్కను నేనే సంపిన అంటుండు" అన్నారు. నేనే ఉత్తరం రాస్తానని ఫోన్ పెట్టేశాను. అంగన్‌వాడీలో పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

విచారణ ఆఫీసర్లు మా ఇంటికీ వచ్చారు బాబూ. రన్‌వే కళ్లముందు కనబడుతుండగా ఇంజన్ బలం పడిపోయిందనీ, అంత కిందికి వచ్చాక ఎవరు నడిపినా పక్క చేనిలో పడేదేననీ చెప్పారు. చివరి క్షణంలో విమానాన్ని సరితే తన చేతుల్లోకి తీసుకుందట. నీ తప్పుంటే వాళ్లు దాచేవాళ్లు కాదు.

నీకు తెలిసింది విమానం నేర్పే సరిత అక్క. నాకు తెలిసిన సరిత సంగతి చెబుతా విను.

అది చిన్నపిల్లగా ఉన్నప్పుడు వానల్లేక మేం మేస్త్రీ వెంట వలస పోయాం. ఎక్కడో దూరాన విమానాలు దిగే చోట రన్‌వే పొడిగించే పని. సరిత వాళ్ల నాయిన పాల్ కాంక్రీటు కలిపేవాడు, నేను తట్టలు మోసేదాన్ని. మా గుడిసెల మీదుగానే విమానాలు దిగేవి. తక్కిన పిల్లలు చెవులు మూసుకుని ఉరికితే, ఇది ఇసుక కుప్ప మీద వెల్లకిలా పడుకునేది. ఒకరోజు ఆయాసపడుతూ వచ్చి, "అమ్మా, గా విమానం కొంగనే! దిగేటప్పుడు కాళ్లు చాపుతది" అంది. నవ్వు ఆపుకోలేక తట్ట దించేశాను. మేస్త్రీ తిట్టాడు. ఆ తిట్టు కూడా ఇప్పుడు తియ్యగానే ఉంది.

వనపర్తి హాస్టల్లో చదివేటప్పుడు ఆదివారం జొన్నరొట్టెలు పట్టుకుపోతే, స్నేహితులందరికీ తుంచి పెట్టి, మిగిలిన ముక్క నా నోట్లో కుక్కేది. స్కాలర్‌షిప్ వచ్చింది, విమానం నేర్చుకుంటా అన్ననాడు పాల్ భయపడ్డాడు. "పడితే ఎట్ల బిడ్డా?" అన్నాడు. "నువ్వు మూడంతస్తుల మీద కట్టె మీద నిలబడి గోడ కడ్తవు గద నాయినా, పడితే ఎట్ల?" అంది. ఆయన మర్నాడు వనపర్తికి పోయి ఎర్ర సూట్‌కేసు కొనుక్కొచ్చాడు. అంత ఎర్రది ఎవరు కొంటారని అది నెల్లాళ్లు వెక్కిరించింది. ఏ ఊరికి పోయినా దాన్నే పట్టుకుపోయింది మరి.

నువ్వు దాని దగ్గర నేర్చుకోను చేరిన వారం ఎంత మురిసిందో తెలుసా? "అమ్మా, మన ధరూర్ పిలగాడు వచ్చిండే! గాడు 'గట్లనా అక్కా' అంటే ఊర్ల కూసున్నట్టే ఉంటది" అంది. పల్లిపొడి రెండు డబ్బాలు పంపమంది, ఒకటి నీకని. "ఎగురుడు అల్కగనే పట్టుకున్నడు. దిగేటప్పుడే జర బుగులు పడ్తడు. పోతది, నేర్పుత" అంది.

మళ్లీ ఎగురుతావో, మీ పత్తి చేనికే పోతావో నీ ఇష్టం. ఏది చేసినా తల దించుకుని చేయకు. నిన్ను చూసి తలెత్తుకున్న మనిషి అది.

మీ అమ్మకు, నాన్నకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే
వసంత

తా.క.: కవరు అంటించబోయి మళ్లీ తీశాను. మొన్న కట్టుకాలితోనే గద్వాల బస్సులో వచ్చి మా అరుగు మీద కూర్చున్నప్పుడు నువ్వు ఒక్కటే మాట అన్నావు, "అక్కకు ఏం తెల్వలేదమ్మా, గప్పుడే పానం పోయింది" అని. ఆ మాటకు పాల్ గట్టిగా ఊపిరి తీసుకోవడం చూశాను. అందుకే నేనూ తలూపాను.

కానీ అది నిజం కాదని నాకు తెలుసు. దవాఖానలో నా చేతికి దాని గొలుసు ఇచ్చిన ఆయమ్మ మన కోడేరు మనిషి, అక్కడికి వలసపోయి ఉండిపోయింది. "అంబులెన్సుల మాట్లాడుకుంటనే వచ్చిందమ్మా. కాలిరిగిన పిలగాడు చెయ్యి ఇడ్వలేదు" అంది నాతో.

నీ మీద కోపం లేదు కొడుకా. పాల్‌కు నీ మాటే ఉండనీ. నాకు మాత్రం చెప్పు. దూపయితుందని అడిగిందా? ఎవరన్నా నీళ్లు పోశారా? నన్ను పిలిచిందా?

మంగళవారం ఆయన ఇంట్లో ఉండడు. ఆ రోజు రా.