ఈ స్టీరింగు ఇవ్వను

శ్రీవారికి,

నమస్కారం. ఇక్కడ నేను, అత్తయ్య, భోజనాల బల్లకు బిగించిన మీ కారు ఆట స్టీరింగు, ముగ్గురమూ కులాసా. అక్కడ మీరూ, మీ ఓడా కులాసాగా ఉన్నారనుకుంటాను. మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఇంకా ఎక్కువ వచ్చింది. అందుకే ఫోను జోలికి పోకుండా కాగితం తీశాను. ఓడ మీది ఫోనులో సగం మాట గాలికి పోతుంది, మిగతా సగం మీరు మధ్యలో అందుకుంటారు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

మీరడిగినవాటికి వరసగా చెబుతాను. అత్తయ్య మోకాలు నయం. మెట్లు దిగేటప్పుడు మూలుగుతుంది, ఎక్కేటప్పుడు ఇంత పైన ఇల్లు తీసుకున్నందుకు మిమ్మల్ని తిడుతుంది. మందులు వేళకి వేసుకుంటోంది, వేసుకున్నానని నాకు చూపించి మరీ వేసుకుంటోంది. కింది వాటా టైలరు గారు చప్పుడు గురించి గొడవ పెట్టారా అని అడిగారు. పెట్టారు. పైన పిండిమర గానీ పెట్టారా అని వచ్చారు. లోపలికి పిలిచి చూపించాను. కాసేపు నిలబడి చూసి, కిందికి వెళ్ళి, కోటు భుజాల్లో పెట్టే మందపాటి గుడ్డముక్కలు తెచ్చి బల్ల కాళ్ళ కింద ఆయనే సర్దారు. ఇప్పుడు చప్పుడు తగ్గింది. ఉప్పు డబ్బా మాత్రం ఇంకా బల్ల మీద నడుస్తూనే ఉంది, భోజనాల వేళ దాన్ని వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇక స్టీరింగు సంగతి. తమ్ముడికి ఇచ్చి పంపమంటే ఎందుకు పంపలేదని అడిగారు. దాని మోటారు పాడైందని, దానంతట అదే తిరుగుతోందని మీ తమ్ముడు రాశాడట. నేనే ఏదో చేశానని మీకు అనుమానం.

మోటారుకు ఏ రోగమూ లేదు. మీ తమ్ముడు అట్టపెట్టె, తాడు పట్టుకుని దర్జాగా వచ్చాడు. విప్పేముందు ఒక్కసారి ఆడి చూస్తానన్నాడు. మొదటి మలుపులోనే తెర మీద కారు వెనక భాగం జారింది, స్టీరింగు అతని చేతుల్లో గిర్రున తిరగబోయింది. అతను పళ్ళు బిగించి దాన్ని కదలకుండా పట్టుకున్నాడు. కారు బొంగరంలా తిరిగి గడ్డిలో పడింది. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ గడ్డే. చివరికి మణికట్టు రుద్దుకుంటూ ఇది పాడైపోయింది వదినా అన్నాడు. పాడైనదాన్ని అంత దూరం మోసుకెళ్ళడం ఎందుకు, ఇక్కడే పడి ఉంటుందిలే అన్నాను. అట్టపెట్టె మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను అబద్ధం ఆడలేదు, అతని మాటకే తలూపాను.

అసలు దాన్ని ముట్టుకోవాలన్న సరదా నాకు లేదు. దుమ్ము పడకుండా తువ్వాలు కప్పి ఉంచమన్నారు, అలాగే ఉంచాను. ఒకరోజు ఇస్త్రీ చేసుకుందామని ప్లగ్గు పెట్టి, పొరపాటున పక్క స్విచ్చి వేశాను. తువ్వాలు కింద అది ఈ చివరి నుంచి ఆ చివరికి గిరగిరా తిరిగింది. అత్తయ్య చీపురు తిరగేసి రెండు తగిలించింది. కరెంటు రాగానే అది తన కొలతలు తానే సరిచూసుకుంటుందని మీరెప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చి, ఆవిడ చేతిలోంచి చీపురు లాక్కున్నాను. దెబ్బలకు ఏమైనా అయిందేమో చూద్దామని ఆట పెట్టాను. కూర్చున్నదాన్ని మళ్ళీ లేవలేదనే చెప్పాలి. లేచానులెండి, బేకరీకి వెళ్ళాలి, కేకుల మీద పూలు దిద్దాలి, అత్తయ్యకు కాపడం పెట్టాలి. అవన్నీ అయ్యాక మళ్ళీ కూర్చున్నాను.

ఆటలో ఒక పేజీ ఉంది. రోడ్డు చక్రాల్ని తోసే తోపు స్టీరింగులోంచి మన చేతికి ఎంత తెలియాలో అక్కడ పెట్టుకోవచ్చు. మీరు దాన్ని అడుగుదాకా దించేసి పెట్టారు. దుకాణం దుకాణం తిరిగి, ఇదే కావాలని పంతం పట్టి తెచ్చుకుని, తెచ్చాక దాని నోరు నొక్కేశారన్నమాట. నేను పెంచాను. పెంచాక తెలిసింది దాని గొప్ప. కంకర, తడి, రోడ్డు అంచు, అన్నీ అరచేతికి వచ్చి చెబుతుంది. క్రీము సంచి పిండేటప్పుడు ఎక్కడ గట్టిగా నొక్కాలో ఎక్కడ వదులు చెయ్యాలో కంటి కంటే ముందు మణికట్టుకే తెలుస్తుంది నాకు. ఇదీ అలాంటి పనే అనిపించింది.

అత్తయ్య నా ఎదురుగా కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ, ఆటలో మాటిమాటికీ వచ్చే ఈ డ్రిఫ్టు అంటే ఏమిటే అని అడిగింది. కారు వెనక చక్రాలు జారుతుంటే బెదిరిపోయి ఆపెయ్యకుండా, ఆ జారుడు మీదే మలుపంతా తిరిగిపోవడం అని చెప్పాను. జారకుండా వెళ్ళొచ్చు కదా అంది. వెళ్ళొచ్చు అన్నాను. మరెందుకు అంది. నేను ఇంకో మలుపు తిప్పి చూపించాను. ఆవిడ కుర్చీ కొంచెం ఇటు జరుపుకుని చూస్తూ కూర్చుంది. ఇప్పుడు నేను మలుపు తప్పితే నాకంటే ముందు ఆవిడే నాలిక కరుచుకుంటోంది.

మొదట్లో నేనూ మీ తమ్ముడిలాగే పట్టుకున్నాను. భుజాలు పట్టేశాయి, బొబ్బలు వచ్చాయి, కారు ఎప్పుడూ గడ్డిలోనే. ఒకరోజు విసుగొచ్చి, పోతే పోనీ అని వేళ్ళు వదులు చేశాను. వెనక భాగం కుడివైపు జారింది. స్టీరింగు దానంతట అదే కుడివైపు పరుగెత్తింది, నా అరచేతుల్ని రాసుకుంటూ. అది నిమ్మళించబోయే చోట అందుకున్నాను. కారు అడ్డంగా, పొగలు కక్కుతూ, మలుపంతా తిరిగి తిన్నగా వచ్చి నిలబడింది. కిటుకంతా అదేనండీ. వదిలెయ్యడం కాదు. దాన్ని వెళ్ళనిచ్చి, ఆగబోయే చోట అందుకోవడం. ఆలస్యమైతే రెండోవైపు విసిరికొడుతుంది, తొందరపడితే గడ్డి. ఎంతో సంతోషంగా అత్తయ్య వైపు తిరిగాను. అంతలోనే స్టీరింగు అలా నా చేతుల్లో పరుగెత్తడం అదే మొదటిసారి కాదని తట్టింది.

మీ ఉత్తరం చివర రాశారు చూడండి, గోదాము గోడ సంగతి మర్చిపోయావా అని. మర్చిపోలేదు. నేను చెబుతాను, ఈసారి నా నోటితో వినండి. నాకు లైసెన్సు వచ్చిన కొత్త. వాన పడుతోంది. నేను నడుపుతున్నాను, మీరు నా పక్కన. గోదాముల మలుపులో కారు వెనక భాగం జారింది. స్టీరింగు జారినవైపే తిరగడం మొదలుపెట్టింది, నేను తిరగనిచ్చాను. అంతలో మీరు పక్కనుంచి వంగి దాన్ని పట్టుకుని బిగబట్టారు. కారు సుడి తిరిగి వెళ్ళి గోడకు గుద్దింది. ముందు దీపం పగిలింది, మనకేమీ కాలేదు. ఇంటికొచ్చి, తను భయపడి స్టీరింగు వదిలేసింది, నేను పట్టుకోబట్టి బతికాం అని మీవాళ్ళకీ మావాళ్ళకీ చెప్పారు. నేనూ నమ్మాను. కారు తాళం మీ జేబులోకి వెళ్ళింది. ఇంటికి ఎవరొచ్చినా మీరు ఆ కథ చెప్పేవారు, వాళ్ళు నవ్వేవారు, టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని. మీరు ఓడ ఎక్కేటప్పుడు తాళం బీరువాలో పెట్టి, దీనితో నీకు పని లేదుగా అన్నారు. అప్పుడు కూడా నవ్వాను.

ఆటలో వాన పెట్టుకున్నాను. అలాంటి మలుపే ఒకటి వెతుక్కున్నాను. ఆ రోజు మీరు పట్టినట్టు పట్టాను, కారు వెళ్ళి గోడకు కొట్టింది. మళ్ళీ అలాగే పట్టాను, మళ్ళీ గోడే. నా చేతులు చేసినట్టు చేశాను, కారు బయటపడింది. ఆట ఆటే, నిజం రోడ్డు వేరు అంటారు మీరు. నిజమే. ఆ రోజు మీరు చెయ్యి పెట్టకపోయినా నేను గోడకే కొట్టేదాన్నేమో, ఎవరికి తెలుసు. కానీ అప్పుడు ఆ గోడ నాది అయ్యేది. మీరు కొట్టిన గోడను ఇన్నేళ్ళు నేను మోశాను.

అత్తయ్యకు చెప్పాను. కొడుకును ఒక్క మాటన్నా ఊరుకోదని మీకు తెలుసు కదా, అందుకే దెబ్బలాటకు సిద్ధపడే చెప్పాను. ఆవిడ ఒలిచిన చిక్కుళ్ళు గిన్నెలో వేసి, చేతులు దులుపుకుంది.

"మీ మామగారూ అంతే. నేను కూర కలుపుతుంటే వచ్చి గరిటె లాక్కునేవారు. మాడితే మాత్రం వండింది నేను."

ఆ సాయంత్రం బీరువా తెరిచి తాళం తీసి స్టీరింగు పక్కన పెట్టింది.

ఇప్పుడు ఇంతవరకూ దాచింది చెబుతాను. బేకరీ వ్యాను నడపమని ఓనరు గారు అడిగారని పోయిన ఉత్తరంలో రాశాను. ఒప్పుకోవద్దు, నీ చేతకాదు అని మీరు రాశారు. మీ ఉత్తరం వచ్చేసరికే నేను వ్యాను నడుపుతున్నాను. మీ అనుమతి అడుగుతున్నట్టు రాశానే గానీ, అప్పటికే డ్రైవింగు స్కూలు మేడమ్ దగ్గర మళ్ళీ కూర్చుని, మన కారు మీద చెయ్యి అలవాటు చేసుకుంటున్నాను. మీరేమంటారో చూద్దామని రాశాను. ఏమంటారో తెలిసింది.

ఎలా నడుపుతానో చూడ్డానికి మొదటి రోజు ఓనరు గారు పక్కన కూర్చున్నారు. వెనక ఒక ఆఫీసువాళ్ళ మూడంతస్తుల కేకు, దాని మీద పూలు నేను దిద్దినవే. వాన అప్పుడే వెలిసింది. బస్సు డిపో దగ్గర రోడ్డంతా నూనె మరకలు. మెల్లగానే తిప్పాను. అయినా వ్యాను వెనక భాగం పక్కకు జారింది, స్టీరింగు నా చేతుల్లో పరుగు అందుకుంది. ఓనరు గారు ఇటు వంగి దాని మీద చెయ్యి వేశారు.

"చెయ్యి తియ్యండి" అన్నాను.

అరవలేదు. కేకు పెట్టె నిదానంగా దించండి అని రోజూ చెప్పే గొంతుతోనే అన్నాను. ఆయన తీశారు. స్టీరింగు వెళ్ళాల్సినంత వెళ్ళింది, నేను అందుకున్నాను, వ్యాను ఒక్కసారి తోక ఊపి తిన్నగా నడిచింది. ఓనరు గారు రెండు వీధులు దాటేదాకా సీటు అంచు పట్టుకుని కూర్చున్నారు. తరవాత వెనక్కి తిరిగి చూసి, ఒక పువ్వు వంగింది అన్నారు. వెళ్ళాక దిద్దుతాను అన్నాను. తిరిగొచ్చి తాళం ఆయన చేతిలో పెట్టబోతే, నీ దగ్గరే ఉంచుకో అన్నారు.

అప్పుడు వెనకగదిలోకి వెళ్ళి, క్రీము గిన్నెలు కడిగే తొట్టి దగ్గర నిలబడి ఏడ్చానండీ. భయంతో కాదు. చెయ్యి తియ్యండి అన్న ఆ రెండు మాటలూ నేను మీతో అనాల్సినవి. మీరు పక్కన ఉండగా నాకు రాలేదు, ఇన్నేళ్ళలో ఒక్క రోజూ రాలేదు. జీతం ఇచ్చే మనిషితో అనగలిగాను, మీతో అనలేకపోయాను. అందుకు మీ మీద కోపం ఉంది, నా మీద ఇంకా ఎక్కువ ఉంది.

కాబట్టి వినండి. స్టీరింగు మీ తమ్ముడికి ఇవ్వను. వ్యాను పని మానను. బల్ల మీద ఉన్నది బల్ల మీదే ఉంటుంది, మీరొచ్చాక పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిందురుగాని, మేమిద్దరం అలాగే తింటున్నాం. గోడకథ ఇంక మా ఇద్దరి ముందూ చెప్పకండి. చెప్పాలనిపిస్తే మొత్తం చెప్పండి, మీ చెయ్యి ఎక్కడుందో కూడా కలిపి చెప్పండి. మీ తమ్ముడికి ముందు చెప్పండి, మా అన్నయ్యకు తరవాత. ఇది చదివి అలుగుతారని తెలుసు. అలగండి. కొన్నాళ్ళు ఉత్తరం రాయరని కూడా తెలుసు. నేను రాస్తాను.

మీరంటే ఇష్టం లేక ఇదంతా రాయలేదు. ఇష్టం లేకపోతే నవ్వుతూ టీ ఇస్తూనే ఉండేదాన్ని.

ఓడ ఎప్పుడు ఒడ్డుకు వస్తుందో ముందుగా తెలియజేయండి. రేవుకు కారు నేనే తెస్తాను. టాక్సీ మాట్లాడుకుని తప్పించుకోకండి, వెనక సీట్లో కూర్చుంటాననీ అనకండి. ముందు, నా పక్కనే కూర్చోవాలి. భయం వేస్తే చెప్పండి, నిదానిస్తాను. వాన పడుతుంటే మాట్లాడుతూ ఉండండి, వింటాను. చేతులు మాత్రం మీ ఒళ్ళో పెట్టుకోండి.

ఇట్లు,
కోపమూ ప్రేమా రెండూ పైసా తగ్గని
మీ ఇల్లాలు