అంచు నుంచి మధ్యకు

2025 మార్చి 11, మంగళవారం. ఉదయం మంచి ఎండ, గాలి లేదు. అమ్మ బొంత దండెం మీద ఆరేశాను.

ఎప్పుడూ రాసుకునే ఈ దినచర్య పుస్తకంలోనే నా వీలునామా కూడా రాస్తున్నాను. నాకు డెబ్బై రెండేళ్ళు. మతి స్థిమితంగా ఉంది, చెయ్యి వణకడం లేదు, ఎవరి బలవంతమూ లేదు. కొట్లకు బోర్డులు రాసి బతికాను. బొమ్మలు వేయడం నాకు నేనే నేర్చుకున్నాను. ఇందులోని మాటలు అమలు చేసే బాధ్యత ఫ్రేములు కట్టే నా మిత్రుడిది.

1. వల అల్లికతో వేసిన నీటికుక్క, లేసు రెక్కల కొంగ, మరో నాలుగు చిత్రాలు మా ఊరి పఠనమందిరానికి చెందాలి. ఆ జీవాలూ తగ్గిపోతున్నాయి, ఆ వల, లేసు పనులు తెలిసిన చేతులూ తగ్గిపోతున్నాయి. ఒకదాని కోసం వచ్చినవాళ్ళు రెండోదాన్ని కూడా చూస్తారని కలిపి వేశాను. ఎండ తగిలే గోడకు తగిలించరాదు.

2. నా మిత్రుడికి నా ఎత్తుపీట. ముప్పై ఏళ్ళుగా ఫ్రేము వంకరగా కట్టి, గోడే వంకరని దబాయించాడు. పీట ఎక్కి చూసుకోవచ్చు.

3. కుంచెలు, రంగులు, ఈ పుస్తకాలు అన్నీ నా కూతురికి. వాటిలో ఎండ, వాన, పనులు తప్ప ఏమీ ఉండవు. వాళ్ళమ్మ పోయిన రోజున కూడా "ముసురు. గిన్నెలు తోమాను" అనే ఉంటుంది. అంతకు మించి రాయడం నాకు చేతకాలేదు.

4. అలుగు చిత్రం, అమ్మ బొంత మా అక్కకు.

ఉండలా ముడుచుకు పడుకున్న ఆ అలుగు జంతువు పొలుసులన్నీ బొంత ముక్కలే. కుట్టు మధ్యలో మొదలై బయటికి పోయేట్టు వేశాను. నా బొమ్మల ప్రదర్శనలో అందరి ముందూ అక్క, "అమ్మ అంచు దగ్గర మొదలెట్టి మధ్యలో ముగించేదిరా. నువ్వు బొంత కప్పుకున్నావు గానీ ఎప్పుడైనా కుట్టావా?" అంది. జనం నవ్వారు. నీకు చత్వారం వచ్చింది పొమ్మన్నాను. పదకొండేళ్ళుగా మాటల్లేవు.

పోయిన నెల చిరుగు కుడదామని బొంత సగం విప్పాను. ఆఖరి ముడి నడిమధ్యన దొరికింది. అక్క చెప్పిందే నిజం. తిరిగి కుట్టబోతే నాకు రాలేదు. ఆ కుట్టు ఇప్పుడు తెలిసింది అక్క ఒక్కదానికే, ఆమెకు డెబ్బై తొమ్మిది. అక్క నా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, విప్పిన సగం దాని చేత కుట్టించాలి. ఇది షరతు కాదు, బతిమాలడం.

ఈ మాట నోటితో చెప్పాలని రెండుసార్లు అక్క గుమ్మం దాకా వెళ్ళాను. మొదటిసారి గేటు తుప్పు పట్టి ఉండటం చూసి వచ్చేశాను. రెండోసారి దానికి రంగు వేసి వచ్చేశాను.

పై నాలుగు అంశాలూ నేను చదువుకుని, సరిగా ఉన్నాయని సంతకం చేశాను.

తేదీ: 11-3-2025
(సంతకం) బోర్డుల రాతగాడు

సాక్షులు:
1. రంగుల కొట్టు యజమాని
2. పై వాటాలో ఉండే నర్సు

సాయంత్రం. మబ్బు పట్టింది. సాక్షులు టీ తాగి వెళ్ళారు. బొంత తీసి మడిచాను. వాన వచ్చేలోగా అక్క ఇంటికి చేరాలంటే ఇప్పుడే చెప్పులు వేసుకుని బయల్దేరాలి.