మానేశాక కడుపుబ్బరం

9 జూన్ 2025, సోమవారం

మా ఆయనకి మందు తాగడం మానేశాక కడుపు పాడైంది. ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆయన రాయగడ మునిసిపాలిటీలో చెత్త ట్రాక్టరు నడుపుతాడు. డ్యూటీకి వెళ్లిన కాసేపటికే పొట్ట బిగుసుకుపోతుందట. సీటు మీద కూర్చోలేక బండి పక్కకి ఆపి నిలబడుతున్నాడట. తాగినన్నాళ్లు కడుపు ఏటీ అనలేదు, మంచోడినయ్యేక మొదలెట్టింది అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పెళ్లయిన దగ్గర్నుంచి నేను కోరుకున్నది ఆయన తాగకూడదనే. ఈ గ్యాస్ వల్ల అది పోతే ఊరుకోను.

11 జూన్

శనగలు మాన్పించాను. మందు మానేశాక సాయంత్రం నోరు ఊరుకోవడం లేదని పొట్లాలు పొట్లాలు వేయించిన శనగలు తింటున్నాడు. ఇంకేం కావాలి కడుపుకి?

కూరలో పచ్చిమిరపకాయలు కూడా తగ్గించాను. రోగం ఆడిదైతే పత్తెం నాకేటి అమ్మీ అని అత్త సణిగింది.

14 జూన్

శనగలు కావు. మిరపకాయలూ కావు.

16 జూన్

డాక్టరు దగ్గరకి వెళ్లాం. రక్తపరీక్ష చేయించారు. లివర్ పర్వాలేదట. మందు మానేశాక తిండిలో కొత్తగా ఏం చేరింది అని ఒడియాలో అడిగారు. ఏటీ లేదు సార్ అన్నాడు ఈయన. నాకూ ఏమీ తోచలేదు. తోచినా ఆయన ముందు నోరు లేచేది కాదు. టాబ్లెట్లు రాశారు.

20 జూన్

టాబ్లెట్లు వేసుకుంటున్నాడు. ఏమీ తేడా లేదు.

22 జూన్, ఆదివారం

ఆడపడుచుకి జ్వరమని అత్త కోరాపుట్ వెళ్లింది. ఇంట్లో మేమిద్దరమే.

25 జూన్

ఆయన కడుపు నెమ్మదించింది. రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. టాబ్లెట్ ఇప్పటికి పట్టింది అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

27 జూన్

అత్త తిరిగొచ్చింది.

28 జూన్, మధ్యాహ్నం

మళ్లీ మొదలు. డ్యూటీ మధ్యలోనే ఇంటికొచ్చి బోర్లా పడుకున్నాడు. టాబ్లెట్ మానలేదు కదా, మరెందుకు?

మహేశ్వరరావు వచ్చాడు. ఆయనతో కలిసి తాగినవాడు. ఒక క్వార్టర్ ఏసెయ్యి గురువులూ, కడుపు అదే సెప్పినట్టు ఇంటాది అన్నాడు. ఈయన వద్దనలేదు. రేపు సూద్దాం అన్నాడు.

అదే రోజు, సాయంత్రం

గిన్నెలు తోముతుంటే పెద్ద స్టీలు గ్లాసు చేతికొచ్చింది. అడుగున పాలు అట్టకట్టి ఉన్నాయి. అత్త ఊళ్లో లేనన్నాళ్లు ఈ గ్లాసు నేను తోమలేదు.

కొడుకు మందు మానితే రోజూ మజ్జిగౌరమ్మ పటం ముందు పాలు పెట్టి వాడిచేత తాగిస్తానని అత్త మొక్కుకుంది. మానిన మర్నాటి నుంచీ అది తప్పలేదు. గ్లాసు అడుగు కనబడేదాకా ఎదురుగా నిలబడుతుంది. డాక్టరు అడిగితే మా ఇద్దరికీ గుర్తే రాలేదు. అది మాకు తిండి కాదు, ప్రసాదం.

అత్తకి ఎలా చెప్పాలి? ఇంతవరకూ ఆమె మాటకి ఎదురు చెప్పలేదు.

29 జూన్

చెప్పాను.

పొద్దున్నే మహేశ్వరరావు బండి గుమ్మం ముందు ఆగింది. ఈయన చొక్కా వేసుకుంటున్నాడు. అత్త గ్లాసు తెచ్చింది. నేను మధ్యలో నిలబడి, అత్తా, ఆ పాలొద్దు, అవే పడట్లేదు అన్నాను.

అత్త నన్ను కిందనుంచి మీదదాకా చూసింది. నాలుగు ముక్కలు సదివీసి డాక్టరమ్మవయిపోనావేటి అంది. సారాకి పేగులు కాలిపోనాయి, పాలు కాకపోతే మరేటి సల్లారుస్తాది అంది. అమ్మవారి సొమ్ము కాదంటే కళ్లు పోతాయి అంది.

నేను కదల్లేదు. సిన్నప్పుడు ఈయన పాలు తాగీవాడా అత్తా అని అడిగాను.

అత్త గ్లాసు రెండో చేతిలోకి మార్చుకుంది. మాకు పాలెక్కడివమ్మీ, గంజి తాగి పెరిగేడు, టీ కూడా నల్లదే అంది. అందుకే కదా ఇప్పుడు పోస్తన్నాను అంది.

అప్పుడు ఈయన గ్లాసు తీసుకుని పటం ముందు పెట్టాడు. వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు. సాల్లే అమ్మా, మొక్కు తీరిపోనాది అన్నాడు. బయటికెళ్లి, నాలుగు రోజులు ఆగరా, పాల సంగతి తేలాల అని మహేశ్వరరావుని పంపేశాడు.

నాలుగు రోజులే. ఆ తర్వాత?

1 జూలై

డాక్టరు దగ్గర ఈసారి నేనే మాట్లాడాను, వచ్చినంత ఒడియాలో. తలెత్తలేదు కానీ అంతా చెప్పాను. ఏళ్లతరబడి పాలు తాగనివాళ్లకి ఒక్కసారి అన్ని పాలు పోస్తే అరగకపోవచ్చు, మందుతో పేగులు కూడా దెబ్బతిని ఉంటాయి అన్నారు. కొన్నాళ్లు పాలు పూర్తిగా ఆపమన్నారు. మళ్లీ మందు తాగితే కడుపు ఇంకా పాడవుతుందని ఆయనకి గట్టిగా చెప్పారు.

4 జూలై

ఇవాళ డ్యూటీలో బండి ఎక్కడా ఆపలేదట.

6 జూలై, ఆదివారం

అత్త ఇవాళ మళ్లీ పటం ముందు పాలు పెట్టింది. అమ్మవారి పాలు పారబొయ్యకూడదని తనే గటగటా తాగేసింది. ఇప్పుడు పొట్ట పట్టుకుని అరుగు మీద కూర్చుంది.

మహేశ్వరరావు వీధిలోంచి హారన్ కొడుతున్నాడు. ఈయన లోపల వాము నీళ్లు కాస్తున్నాడు. నాకు ఖాళీ లేదురా, మా అమ్మకి గ్యాసు అని కేకేశాడు.